సరళరేఖల మీద కదిలే పలు బిందువుల లెక్కలు: సాధించే పద్ధతి, దశలవారీగా

ఒకే బిందువు సరళరేఖ మీద కదిలే లెక్కలను సునాయాసంగా చేసే విద్యార్థి కూడా రెండో బిందువు వచ్చి చేరగానే తడబడడం తరచుగా చూస్తుంటాం. సూత్రాలు రాకపోవడం దీనికి కారణం కాదు, ఎందుకంటే రెండు బిందువులకూ వర్తించేవి ఆ పాత సూత్రాలే. ఒక బిందువు దూరాన్ని ఒక చోటి నుంచి, మరోదాని దూరాన్ని ఇంకో చోటి నుంచి కొలిచి, ఒకదాని కాలాన్ని అది బయలుదేరిన క్షణం నుంచి, రెండోదాని కాలాన్ని వేరే క్షణం నుంచి లెక్కపెట్టి, ఆ నాలుగింటినీ ఒకే సమీకరణంలో కలిపేయడం వల్లనే లెక్క తప్పుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో నేను మొదటి నుంచి చివరి దాకా పట్టుబట్టే నియమం ఇది: ఒక సరళరేఖకు ఒకే అక్షం, బిందువులన్నింటికీ ఒకే గడియారం.

మొదటి దశ: అక్షాన్ని, గడియారాన్ని నిర్ణయించడం

లెక్క చదవగానే సూత్రం కోసం వెతకకుండా ముందుగా ఒక గీత గీయాలి. దాని మీద మూలబిందువు ఎక్కడో, ధన దిశ ఎటో గుర్తించి, బిందువులన్నింటినీ అవి మొదట్లో ఉన్న చోట్ల పెట్టి, ఒక్కొక్కదాని వేగాన్ని బాణం గుర్తుతో చూపాలి. మూలబిందువుగా ఏ చోటునైనా తీసుకోవచ్చు గానీ, ఒకసారి తీసుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా దాన్ని మార్చకూడదు. ధన దిశకు ఎదురుగా కదిలే బిందువు వేగం రుణాత్మకం. ఎంత త్వరగా కదులుతోందో మాత్రమే చెప్పే వడికి ధన, రుణ గుర్తు ఉండదు, దిశను కూడా చెప్పే వేగానికి ఉంటుంది. ఎదురెదురుగా కదిలే బిందువుల లెక్కల్లో పొరపాట్లు ఎక్కువగా ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే వస్తాయి.

గడియారం సున్నా ఏ క్షణాన మొదలవుతుందో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. సాధారణంగా అందరికన్నా ముందు కదిలిన బిందువు బయలుదేరిన క్షణాన్ని సున్నాగా తీసుకోవడం మేలు, ఎందుకంటే అప్పుడు కాలం ఎక్కడా రుణాత్మకం కాదు. ప్రమాణాలను కూడా ఈ దశలోనే ఒక దారికి తేవాలి. గంటకు కిలోమీటర్లలో ఇచ్చిన వేగాన్ని 5/18తో గుణిస్తే సెకనుకు మీటర్లలోకి వస్తుంది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు.

రెండో దశ: ప్రతి బిందువుకూ స్థాన సమీకరణం, దాని హద్దు

ఇక నుంచి ఉమ్మడి గడియారం చూపే కాలాన్ని, సెకన్లలో, 'కా' అని రాద్దాం. సమవేగంతో కదిలే బిందువుకు

స్థానం = తొలి స్థానం + వేగం × కా

అని, సమత్వరణంతో కదిలే బిందువుకు

స్థానం = తొలి స్థానం + తొలి వేగం × కా + ½ × త్వరణం × కా²

అని రాయాలి. ఒక బిందువు 5 సెకన్లు ఆలస్యంగా బయలుదేరితే దాని సమీకరణంలో కా ఉన్న ప్రతిచోటా (కా − 5) రాయాలి. ఆ సమీకరణం కా విలువ 5 దాటాకే చెల్లుతుందని పక్కనే రాసుకోవాలి. ఈ హద్దు రాయడాన్ని చాలామంది అనవసరమైన పనిగా భావిస్తారు. నా దృష్టిలో మొత్తం పద్ధతికి ఆయువుపట్టు ఇదే. ఎందుకో కింది ఉదాహరణల్లో కనిపిస్తుంది.

తుది వేగం వర్గానికి, తొలి వేగం వర్గానికి ఉన్న సంబంధాన్ని చెప్పే సూత్రం ఒక బిందువు లెక్కల్లో ఎంతో ఉపయోగపడుతుంది, కానీ అందులో కాలం కనిపించదు. పలు బిందువుల లెక్కలో బిందువులను ఒకదానితో ఒకటి ముడివేసేది కాలమే కనుక, ఆ సూత్రంతో లెక్క మొదలుపెట్టవద్దని నా సలహా. అవసరమైతే చివర్లో సరిచూడడానికి వాడుకోవచ్చు.

మూడో దశ: ప్రశ్నలోని మాటను సమీకరణంగా మార్చడం

'కలుసుకుంటాయి' అంటే రెండు స్థానాలు ఒకే క్షణాన సమానం. 'దాటిపోతుంది' అంటే స్థానాలు సమానమై, ఆ క్షణాన వెనుక నుంచి వచ్చినదాని వేగం ఎక్కువగా ఉండాలి. ఒకే రేఖ మీద 'అతి దగ్గరగా వచ్చాయి, కానీ కలవలేదు' అంటే ఆ క్షణాన రెండింటి వేగాలు సమానం, లేదా రెండూ ఆగిపోయి ఉన్నాయి. 'రెండింటి మధ్య దూరం 50 మీటర్లు' అంటే స్థానాల తేడా +50 కావచ్చు, −50 కూడా కావచ్చు. ఇలా మాటను సమీకరణంలోకి తెచ్చాక మిగిలేది బీజగణితమే.

మొదటి ఉదాహరణ: ఆలస్యంగా బయలుదేరిన బిందువు

క అనే బిందువు మూలబిందువు నుంచి సెకనుకు 12 మీటర్ల వేగంతో బయలుదేరింది. 300 మీటర్ల దూరంలో ఉన్న గ అనే బిందువు 5 సెకన్ల తర్వాత సెకనుకు 8 మీటర్ల వడితో దానికి ఎదురుగా బయలుదేరింది. అవి ఎప్పుడు, ఎక్కడ కలుస్తాయి?

తొందరపడితే 300ను 20తో భాగించి 15 సెకన్లు అనేస్తాం. పద్ధతి ప్రకారం రాస్తే క స్థానం 12కా. గ స్థానం 300 − 8(కా − 5), అంటే 340 − 8కా, ఇది కా విలువ 5 దాటాక. రెండింటినీ సమానం చేస్తే 20కా = 340, కా = 17 సెకన్లు, కలిసే చోటు 204 మీటర్లు. సరిచూద్దాం: గ కదిలింది 12 సెకన్లే, ఆ వ్యవధిలో 96 మీటర్లు వచ్చింది, 300లోంచి 96 తీసివేస్తే 204. సరిపోయింది.

ఇప్పుడు ఆలస్యాన్ని 5 నుంచి 30 సెకన్లకు మారుద్దాం. గ స్థానం 540 − 8కా అవుతుంది, సమానం చేస్తే కా = 27 వస్తుంది. బీజగణితంలో తప్పేమీ లేదు, కానీ ఈ జవాబు చెల్లదు, ఎందుకంటే ఆ సమీకరణం 30 సెకన్ల తర్వాతే అమల్లోకి వస్తుంది. 27వ సెకనులో గ ఇంకా కదలనే లేదు. అసలు జరిగేదేమిటంటే, గ నిశ్చలంగా ఉండగానే క దాన్ని 25వ సెకనులో చేరుకుంటుంది. హద్దు రాసుకోని విద్యార్థికి 27 అనే జవాబులో తప్పు కనిపించే దారే లేదు.

రెండో ఉదాహరణ: రెండు జవాబులు వస్తే

ఒక మనిషి సెకనుకు 6 మీటర్ల స్థిర వేగంతో పరుగెత్తుతున్నాడు. అతనికి 16 మీటర్ల ముందున్న బస్సు అదే క్షణాన నిశ్చల స్థితి నుంచి, అతను వెళుతున్న దిశలోనే, 1 మీ/సె² త్వరణంతో కదలడం మొదలుపెట్టింది. స్థానాలను సమానం చేస్తే 6కా = 16 + ½కా², అంటే కా² − 12కా + 32 = 0. మూలాలు 4, 8.

ఇక్కడ ఒక మూలాన్ని కొట్టేసి రెండోది ఉంచుకోవాలనే ఆత్రుత సహజమే, కానీ రెండూ ధనాత్మకాలు, రెండూ చెల్లుతాయి. 4వ సెకనులో బస్సు వేగం 4 మీ/సె, మనిషిది 6 మీ/సె, కాబట్టి మనిషి బస్సును అందుకుంటాడు. ఎక్కకుండా అలాగే పరుగెత్తుతూ పోతే ముందుకు వెళ్లిపోతాడు. 8వ సెకనులో బస్సు వేగం 8 మీ/సెకు చేరి, అతన్ని దాటిపోతుంది. ప్రశ్న 'ఎప్పుడు ఎక్కగలడు' అని అడిగితే జవాబు 4 సెకన్లు. 'ఎన్నిసార్లు పక్కపక్కన ఉంటారు' అని అడిగితే రెండుసార్లు.

బస్సు మొదట ఎంత దూరంలో ఉంటే అతను అందుకోలేడు? దూరాన్ని 'దూ' అనుకుంటే కా² − 12కా + 2దూ = 0. అందుకోవాలంటే విచక్షణి (మూలాల సూత్రంలో వర్గమూలం కింద ఉండే విలువ) రుణాత్మకం కాకూడదు కనుక 144 − 8దూ కనీసం సున్నా కావాలి, అంటే దూ 18 మీటర్లకు మించకూడదు. సరిగ్గా 18 అయితే రెండు మూలాలూ 6 దగ్గర కలిసిపోతాయి. ఆ క్షణాన బస్సు వేగం కూడా 6 మీ/సె కావడం యాదృచ్ఛికం కాదు. వేగాలు సమానమయ్యేదాకా దూరం తగ్గుతుంది, ఆ తర్వాత పెరుగుతుంది. దూరం 20 మీటర్లయితే అతను 6వ సెకనులో బస్సుకు 2 మీటర్ల దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి వెనుకబడిపోతాడు. స్థానం-కాలం గ్రాఫులో మనిషిది సరళరేఖ, బస్సుది పరావలయం. రేఖ పరావలయాన్ని రెండు చోట్ల ఖండిస్తే రెండు జవాబులు, స్పర్శిస్తే ఒకటి, తాకకుండా పోతే ఏమీ లేదు. ఈ గ్రాఫును ఒక్కసారైనా చేత్తో గీసి చూడాలని గట్టిగా చెబుతాను.

మూడో ఉదాహరణ: ఆగిపోయే బిందువు

క సెకనుకు 10 మీటర్ల స్థిర వేగంతో వెళుతోంది. దానికి 60 మీటర్ల ముందు గ 20 మీ/సె వేగంతో అదే దిశలో వెళుతూ 5 మీ/సె² చొప్పున వేగం తగ్గించుకుని ఆగిపోతుంది. గుడ్డిగా సమానం చేస్తే 10కా = 60 + 20కా − 2.5కా², అంటే కా² − 4కా − 24 = 0, ధన మూలం సుమారు 7.29 సెకన్లు. కలిసే చోటు సుమారు 72.9 మీటర్లు.

ఈ జవాబు తప్పు. గ 4 సెకన్లలోనే ఆగింది, అప్పటికి అది 60 + 40, అంటే 100 మీటర్ల దగ్గర ఉంది. బ్రేకు వేసిన వాహనం ఆగాక వెనక్కి నడవదు, కానీ మనం రాసిన సమీకరణం నడిపించింది. 100 దగ్గర ఉన్నదాన్ని 72.9కి తెచ్చి పెట్టింది. సరైన పద్ధతిలో గ స్థానాన్ని రెండు ముక్కలుగా రాయాలి: 4 సెకన్ల దాకా 60 + 20కా − 2.5కా², ఆ తర్వాత 100. మొదటి ముక్కలో కలయిక లేదు. రెండో ముక్కలో 10కా = 100, కాబట్టి జవాబు 10 సెకన్లు.

బ్రేకుల లెక్కల్లో దీనికన్నా సూక్ష్మమైన ఉచ్చు ఒకటుంది. రెండు వాహనాలూ 20 మీ/సె వేగంతో ఒకదాని వెనుక ఒకటి వెళుతున్నాయి. ముందుది 5 మీ/సె² చొప్పున వేగం తగ్గించుకుంటుంది. వెనుకది ఒక సెకను ఆలస్యంగా బ్రేకు వేస్తుంది, కానీ 8 మీ/సె² చొప్పున తగ్గించుకోగలదు. ఢీకొనకుండా ఉండాలంటే వాటి మధ్య కనీసం ఎంత దూరం ఉండాలి? ముందుది ఆగేలోపు 40 మీటర్లు, వెనుకది 20 + 25, అంటే 45 మీటర్లు వెళతాయి. తేడా 5 మీటర్లు కనుక 5 మీటర్లు చాలునని అనిపిస్తుంది.

చాలదు. వెనుక వాహనం ముందుదానికన్నా వేగంగా ఉన్నంతసేపూ దూరం తగ్గుతూనే ఉంటుంది, కాబట్టి చూడాల్సింది వేగాలు సమానమయ్యే క్షణాన్ని. 20 − 5కా = 20 − 8(కా − 1) అని రాస్తే కా = 8/3 సెకన్లు. ముందుది 4వ సెకనులో, వెనుకది 3.5వ సెకనులో ఆగుతాయి కనుక ఆ క్షణానికి రెండూ ఇంకా కదులుతున్నాయి, అంటే ఈ విలువ చెల్లుతుంది. అప్పటికి ముందుది సుమారు 35.56 మీటర్లు, వెనుకది సుమారు 42.22 మీటర్లు వెళ్లి ఉంటాయి. తేడా 6.67 మీటర్లు. 5 మీటర్ల దూరంతో వెళ్లిన వాహనాలు ఆగకముందే ఢీకొంటాయి. చివరి స్థితిని మాత్రమే పోల్చి, మధ్యలో ఏం జరిగిందో చూడకపోతే లెక్క ఇలాగే మోసం చేస్తుంది.

నాలుగో దశ: సాపేక్ష చలనం ఎప్పుడు వాడాలి

ఒక బిందువు మీద కూర్చుని రెండోదాన్ని చూస్తున్నట్టు ఊహించుకుంటే రెండు బిందువుల లెక్క ఒక బిందువు లెక్కగా మారుతుంది. సాపేక్ష స్థానం, సాపేక్ష వేగం, సాపేక్ష త్వరణం, మూడూ గుర్తులతో సహా చేసే తీసివేతలే. బస్సు లెక్కలో బస్సులోంచి చూస్తే మనిషి 6 మీ/సె వేగంతో వస్తూ 1 మీ/సె² చొప్పున మందగిస్తున్నాడు, కాబట్టి అతను రాగల గరిష్ఠ దూరం 36/2 = 18 మీటర్లు. విచక్షణితో వచ్చిన జవాబు ఒక్క గీతలో వచ్చింది.

ఈ పద్ధతి అందం నిట్టనిలువు చలనంలో మరింత కనిపిస్తుంది. 80 మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయిని వదిలారు. అదే క్షణాన నేల మీది నుంచి, అదే నిలువు గీత వెంట, మరో రాయిని 40 మీ/సె వేగంతో పైకి విసిరారు. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే రెండింటికీ గురుత్వ త్వరణం ఒకటే, తీసివేస్తే సాపేక్ష త్వరణం సున్నా. అంటే ఒకదాని నుంచి చూస్తే రెండోది 40 మీ/సె సమవేగంతో వస్తోంది, 2 సెకన్లలో కలుస్తాయి. 9.8 అనే సంఖ్యతో పనే పడలేదు. కలిసే ఎత్తు కావాలంటే మాత్రం అది కావాలి: 80 − 19.6 = 60.4 మీటర్లు.

అయితే సాపేక్ష చలనానికి నేల కనిపించదు. పైనుంచి వదిలిన రాయి సుమారు 4.04 సెకన్లకు నేలను తాకుతుంది. కింది రాయి వేగం 19.8 మీ/సె కన్నా తక్కువైతే 80ని ఆ వేగంతో భాగించి వచ్చే కాలం 4.04 దాటుతుంది, అంటే గాలిలో కలయిక జరగదు. 19.8కీ 28కీ మధ్య అయితే కింది రాయి పైకి వెళ్లి తిరిగి దిగుతున్నప్పుడు కలుస్తాయి; 28 దాటితే అది పైకి వెళుతుండగానే కలుస్తాయి. సాపేక్ష వేగంతో జవాబు తెచ్చుకున్నాక మళ్లీ మొదటి అక్షానికి వచ్చి హద్దులు చూడక తప్పదు. ఒక బిందువు మధ్యలో ఆగినా, ఆలస్యంగా బయలుదేరినా సాపేక్ష త్వరణం ముక్కలుముక్కలుగా మారుతుంది కనుక అక్కడ స్థాన సమీకరణాలతోనే నడవడం క్షేమం.

మూడు బిందువులు ఉన్నప్పుడు

క స్థానం 6కా, గ స్థానం 40 + 3కా, చ స్థానం 100 − 2కా. గ ఎప్పుడు మిగిలిన రెండింటికీ సమాన దూరంలో ఉంటుంది? గ మధ్యబిందువు కావాలనుకుంటే 2(40 + 3కా) = 6కా + 100 − 2కా, అంటే కా = 10. అప్పుడు స్థానాలు 60, 70, 80. బాగానే ఉంది.

కానీ ప్రశ్న 'మధ్యలో' అనలేదు, 'సమాన దూరంలో' అంది. క, చ ఒకే చోట ఉన్న క్షణాన కూడా గ రెండింటికీ సమాన దూరంలోనే ఉంటుంది. 6కా = 100 − 2కా అని రాస్తే కా = 12.5, అప్పుడు క, చ రెండూ 75 దగ్గర, గ 77.5 దగ్గర ఉంటాయి. కాబట్టి జవాబులు రెండు. దూరం అన్న మాట వచ్చిన ప్రతిచోటా పరమ మూల్యం (ధన, రుణ గుర్తు తీసేసిన విలువ) గుర్తుకు రావాలి; సమీకరణాన్ని ధన, రుణ గుర్తులు రెండింటితోనూ రాయాలి.

వేర్వేరు రేఖల మీద కదిలే బిందువులు

ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు రోడ్లు ఒక కూడలిలో కలుస్తాయి. క కూడలికి 100 మీటర్ల దూరం నుంచి 8 మీ/సె వేగంతో, గ రెండో రోడ్డు మీద 50 మీటర్ల దూరం నుంచి 6 మీ/సె వేగంతో కూడలి వైపు వస్తున్నాయి. దారులు ఖండించుకుంటున్నాయి కనుక ఢీకొంటాయని అనుకోకూడదు. ఒకే చోటికి ఒకే క్షణాన రావాలి. క కూడలికి 12.5 సెకన్లకు, గ సుమారు 8.33 సెకన్లకు చేరతాయి, కాబట్టి కలవవు. మరి ఎంత దగ్గరికి వస్తాయి?

ఇక్కడ రెండు అక్షాలు తప్పవు, గడియారం మాత్రం ఒకటే. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దూరం వర్గం (100 − 8కా)² + (50 − 6కా)². విస్తరిస్తే 100కా² − 2200కా + 12500, అదే 100(కా − 11)² + 400. కనిష్ఠ విలువ 11వ సెకనులో 400, కాబట్టి కనిష్ఠ దూరం 20 మీటర్లు. దూరానికి బదులు దూరం వర్గాన్ని కనిష్ఠం చేయడం వల్ల వర్గమూలం బెడద తప్పింది; రెండూ ఒకే క్షణాన కనిష్ఠమవుతాయి. ఆ క్షణాన క కూడలికి 12 మీటర్ల ముందు, గ 16 మీటర్లు దాటి ఉన్నాయి. అతి దగ్గరగా వచ్చే క్షణాన రెండింటిలో ఏదీ కూడలిలో లేకపోవడాన్ని గమనించాలి.

ముడిపడి ఉన్న బిందువులు

కొన్ని లెక్కల్లో బిందువుల వేగాలు విడివిడిగా ఇవ్వరు, వాటిని కలిపే బంధం ఇస్తారు. 5 మీటర్ల నిచ్చెన గోడకు ఆని ఉంది. దాని అడుగు గోడకు 3 మీటర్ల దూరంలో ఉండి, సెకనుకు 1 మీటరు చొప్పున బయటికి జారుతోంది. పైకొన ఎంత వేగంతో దిగుతోంది? రెండు కొనలూ సరళరేఖల మీదే కదులుతున్నాయి; వాటిని ముడివేసేది నిచ్చెన పొడవు మారకపోవడం: దూరం² + ఎత్తు² = 25. కాలంతో అవకలనం చేస్తే

దూరం × అడుగు వేగం + ఎత్తు × పైకొన వేగం = 0

వస్తుంది. ఎత్తు 4 మీటర్లు కనుక 3 × 1 + 4 × పైకొన వేగం = 0, అంటే పైకొన వేగం −0.75 మీ/సె. అవకలనం ఇంకా నేర్చుకోనివారు సంఖ్యలతో చూడవచ్చు: 0.01 సెకను తర్వాత దూరం 3.01, ఎత్తు సుమారు 3.9925, దిగింది సుమారు 0.0075 మీటర్లు, 0.01తో భాగిస్తే 0.75. ముందుగా 3, 4 అనే సంఖ్యలు పెట్టేసి, ఆ తర్వాత అవకలనం చేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. సంఖ్య పెట్టగానే అది స్థిరాంకమైపోతుంది, దాని ఉత్పన్నం సున్నా అవుతుంది.

అడుగు సమవేగంతో జారుతున్నా పైకొన వేగం స్థిరంగా ఉండదు. అడుగు 4 మీటర్లకు చేరి ఎత్తు 3 మీటర్లయ్యేసరికి పైకొన 1.33 మీ/సె వడితో దిగుతుంది. ఎత్తు సున్నాకు చేరువయ్యేకొద్దీ సమీకరణం అంతులేని వేగాన్ని చూపిస్తుంది. నిజమైన నిచ్చెనకు అలా జరగదు. పైకొన గోడను అంటుకునే ఉంటుందని మనం పెట్టుకున్న షరతు అప్పటికే వీగిపోయి ఉంటుంది, కాబట్టి ఆ సమీకరణం పక్కన కూడా అది ఎంతవరకు చెల్లుతుందో రాసి పెట్టుకోవాలి.